వరంగల్‌లో వయోజన విద్య: సమాచార సాంకేతికత

చదువుకోని పెద్దలకు చదవడం, రాయడం, లెక్కలు, వాటితోపాటు బతుకుతెరువుకు పనికొచ్చే నైపుణ్యాలు నేర్పడానికి రేడియో, టీవీ, కంప్యూటర్, ఫోన్లను వాడే ప్రయత్నాలు తెలుగు నేలపై అర్ధ శతాబ్దంగా సాగుతున్నాయి. 2011 జనగణనలో ఉమ్మడి వరంగల్ జిల్లా అక్షరాస్యత 65 శాతం. స్త్రీలలో అది ఇంకా తక్కువ. 2022 సెప్టెంబరులో వరంగల్ నగరం యునెస్కో అభ్యసన నగరాల కూటమిలో చేరింది.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నడిచిన ఉపగ్రహ టీవీ ప్రయోగం 'సైట్' ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు వ్యవసాయ, ఆరోగ్య పాఠాలు చేర్చింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. అయితే చూసేవారికి అడిగే వీలు లేదు, తిరిగి చెప్పే వీలూ లేదు.

టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ కంప్యూటర్‌తో అక్షరాస్యత నేర్పే పనిని తెలుగులోనే మొదలుపెట్టింది. ఆ సంస్థకు చెందిన ఫకీర్ చంద్ కోహ్లీ ప్రోద్బలంతో 2000లో అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో తొలి తరగతి నడిచింది. అప్పటికే జాతీయ అక్షరాస్యతా మిషన్ తయారు చేయించిన వాచకాలనే బొమ్మలతో, మాటలతో తెరమీదికి ఎక్కించారు. అక్షరమాలను వరుసగా బట్టీ పట్టించకుండా, నోట్లో నానే మాటను ముందు చూపి, దాన్ని విడగొట్టి అక్షరాలు పోల్చుకునేలా చేశారు. రాతను పక్కనపెట్టి చదవడానికే పెద్దపీట వేశారు. దాదాపు 40 గంటల్లో కొన్ని వందల మాటలు చదివించడం లక్ష్యం. కార్యాలయాలు పక్కనపెట్టిన పాత కంప్యూటర్లు సరిపోయేవి. శిక్షణ పొందిన ఉపాధ్యాయుల కోసం ఎదురుచూడాల్సిన అవసరమూ తగ్గింది. కూలికి వెళ్లే మనిషిని నెలల తరబడి రాత్రిబడికి రమ్మనడం ఎంత కష్టమో తెలిసినవారికి ఈ గంటల లెక్క విలువ బోధపడుతుంది. రాతను వెనక్కి నెట్టడం మాత్రం లోటే. సంతకం పెట్టాలన్న కోరికతోనే చాలామంది పలక పడతారు.

జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోది వేరే దారి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకు చెందిన దళిత స్త్రీలే దాన్ని నడిపారు. విత్తనాలు, చిరుధాన్యాలు, పాటలు వాళ్ల గొంతుల్లోనే వినిపించాయి. చదువు రానివాళ్లంటే తెలివి లేనివాళ్లు కాదని ఇంత గట్టిగా చాటిన ప్రయత్నం మరొకటి అరుదు.

ఇప్పుడు కేంద్రం 2022–27 కాలానికి చేపట్టిన 'ఉల్లాస్' పథకంలో 15 ఏళ్లు దాటినవారికి స్వచ్ఛంద సేవకులు ఫోన్ యాప్ సాయంతోనూ పాఠాలు చెబుతారు. అక్షరాలు, అంకెలతోపాటు డిజిటల్, ఆర్థిక వ్యవహారాలు, వృత్తి నైపుణ్యాలు ఇందులో భాగం. టీవీ దారి కూడా ఉంది: పాఠాలు ప్రసారం చేసే తెలంగాణ ప్రభుత్వ టీశాట్‌కు విద్య, నిపుణ అని రెండు ఛానళ్లు ఉన్నాయి.

ఇలాంటి పాఠాలకు కావలసిన సరుకు వరంగల్‌లోనే ఉంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి, పత్తి అమ్మే రైతు తక్‌పట్టీ (అమ్మకం చీటీ) మీది తూకం, ధర, కోతలు తానే చదవగలగాలి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దరీలను నేసేవారు ఫోన్లో వచ్చిన ఆర్డరునూ, బ్యాంకు సందేశాన్నీ ఇంకొకరి చేతికివ్వకుండా చూసుకోగలగాలి. పొదుపు సంఘం అప్పు పుస్తకం, ఎరువు సంచి మీది అచ్చు, ఆసుపత్రి చీటీ కూడా ఈ వాచకంలోకి రావాలి.