పదహారు బేస్‌మెంట్ల ఆట: 'డయాబ్లో' ఇంకా ఎట్ల బతికి ఉన్నది

పోయినసారి దుబాయి క్రీక్‌లో తిరిగే అబ్రాల గురించి రాసినం. ఈసారి చాలామంది ఇన్‌బాక్సులో అడిగిన సంగతి. మా రూంలో ఆదివారం పూట ఆడే ఆ పాత కంప్యూటర్ ఆట ఏంది, అది ఇప్పటి ఫోన్లలో ఎట్ల నడుస్తున్నది అని. దాని చరిత్ర చదివితే మన కాంట్రాక్ట్ పనుల చరిత్ర లెక్కనే అనిపించింది. కొంచెం పొడుగు ఉంటది, డ్యూటీ దిగి స్నానం చేసి, చపాతీలు అయినంక చదవండి.

ఆట పేరు డయాబ్లో. అమెరికాలో కాలిఫోర్నియాలో డేవిడ్ బ్రెవిక్ అనే ఆయన చిన్నప్పుడు ఉన్న ఊరి పక్కన మౌంట్ డయాబ్లో అని ఒక గుట్ట ఉన్నది. స్పానిష్ భాషలో డయాబ్లో అంటే సైతాను. ఆ పేరు ఆయన మనసులో పడిపోయింది. 1993లో ఆయన, మాక్స్ షేఫర్, ఎరిక్ షేఫర్ అనే ఇద్దరు అన్నదమ్ములు కలిసి కాండోర్ అని చిన్న కంపెనీ పెట్టారు. మొదట్లో వాళ్లది సబ్ కాంట్రాక్ట్ బతుకే. సూపర్ హీరోల ఫైటింగ్ ఆట ఒకటి ఒక మిషన్ కోసం చేసి ఇచ్చే పని దొరికింది. 1994లో ఒక ఎగ్జిబిషన్‌కు పోతే తెలిసింది ఏమంటే, అదే ఆటను ఇంకో మిషన్ కోసం ఇంకో చిన్న కంపెనీ చేస్తున్నది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఒకే టవర్‌లో ఇటు వైపు ఒక సబ్ కాంట్రాక్టర్, అటు వైపు ఇంకొకడు ఉన్నట్టు. ఆ రెండో కంపెనీయే బ్లిజార్డ్. అట్ల మొదలైన పరిచయంతోనే డయాబ్లో పుట్టింది. 1996లో బ్లిజార్డ్ కాండోర్‌ను కొని, బ్లిజార్డ్ నార్త్ అని పేరు మార్చింది.

మొదట ఈ ఆటను చదరంగం పద్ధతిలో అనుకున్నారు. నువ్వు ఒక అడుగు వేస్తే రాక్షసుడు ఒక అడుగు వేస్తడు. బ్లిజార్డ్ వాళ్లు అట్ల వద్దు, ఆగకుండా నడవాలి అన్నారు. బ్రెవిక్‌కు ఇష్టం లేదు. ఆఫీసులో ఓటింగ్ పెడితే ఆయనే ఓడిపోయిండు. సరేనని ఒక శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని మార్చి చూస్తే, మౌస్ నొక్కగానే మనవాడు పోయి అస్థిపంజరాన్ని కొట్టేసిండట. అప్పుడే విషయం అర్థమైందని ఆయనే తర్వాత చెప్పిండు. 1997 కొత్త సంవత్సరం వేళ ఆట బయటికి వచ్చింది. పెంటియం 60 మెగాహెర్ట్జ్, 8 ఎంబీ ర్యామ్, విండోస్ 95 ఉంటే చాలు. ఇప్పుడు మన చేతిలో ఉన్న అన్నింటికన్నా చవక ఫోన్ కూడా దానికంటే ఎన్నో రెట్లు పెద్దది.

కథ మనకు కొత్త కాదు. ట్రిస్ట్రమ్ అనే పాడుబడ్డ ఊరు. ఊరి బయట చర్చి. దాని కింద 16 అంతస్తుల నేలమాళిగ. మన భాషలో చెప్పాలంటే జీ ప్లస్ పదహారు కాదు, బేస్‌మెంట్ పదహారు. (దుబాయిలో మూడో బేస్‌మెంట్ తవ్వితేనే నీళ్లు తోడలేక చస్తాం, వీళ్లు పదహారు ఎట్ల తవ్విన్రో.) మొదటి నాలుగు చర్చి కింద గదులు, తర్వాత నాలుగు సమాధులు, తర్వాత నాలుగు గుహలు, ఆఖరు నాలుగు నరకం. అట్టడుగున డయాబ్లో. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు చదివినోళ్లకు, 'పాతాళభైరవి'లో మాంత్రికుడి వెంట గుహలోకి పోయిన తోటరాముణ్ణి చూసినోళ్లకు ఇందులో అర్థం కానిది ఏమీ ఉండదు. ఒక్కటే తేడా. ఇందులో గదులు, దారులు కొత్త ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ మారిపోతయి. అవే షట్టరింగ్ ప్యానెళ్లు తీసి వేరే వరసలో బిగించినట్టు. అందుకే ఇన్నేళ్లయినా విసుగు రాలేదు.

ఊళ్లో మనుషులు కూడా ఉంటరు. కత్తులు రిపేరు చేసే కమ్మరి గ్రిస్‌వోల్డ్, మందులు ఇచ్చే పెపిన్, దొరికిన వస్తువు ఏందో చెప్పే ముసలాయన కెయిన్. మా రూంలో అందరికీ గుర్తుండేది మాత్రం విర్ట్. కట్టెకాలు ఉన్న పిల్లగాడు. వాడి దగ్గర ఒకే ఒక్క వస్తువు ఉంటది. అది కొనడానికి కాదు, ఉత్తగ చూడడానికే 50 బంగారు నాణేలు తీసుకుంటడు. చూసినంక నచ్చకపోతే ఆ 50 పోయినట్టే. వీణ్ణి మొదటిసారి చూసినప్పుడు మా రూంలో ఆరుగురం ఒకేసారి నవ్వినం. వీసా పేపర్ చూపించడానికే పైసలు తీసుకున్న ఏజెంట్లు మనలో ఎవరికి తగలలేదు చెప్పండి!

ఇగ అసలు సంగతి. మాలో ఇద్దరం గల్ఫుకు రాకముందు కరీంనగర్‌లో ఇంటర్నెట్ సెంటర్‌లో ఈ ఆట ఆడినం. ఇక్కడికి వచ్చిన చాన్నాళ్లకు బర్ దుబాయిలో ఖాలిద్ బిన్ వలీద్ రోడ్డు మీద, ఆ కంప్యూటర్ షాపుల దగ్గర, పైసలు కలిపి ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నం. విండోస్ 7. దాంట్లో పాత సీడీ వేసి డయాబ్లో పెడితే ఆట నడిచింది కానీ రంగులన్నీ తలకిందులు. మొఖాలు ఊదా రంగు, నేల పచ్చ రంగు. ల్యాప్‌టాప్ కరాబు అయిందని ఒక తమ్ముడు షాపుకు తిరిగి ఇచ్చేద్దాం అన్నడు.

కరాబు ఏమీ లేదు. ఆ కాలం ఆటకు 256 రంగులే. పెయింటర్‌కు 256 డబ్బాలు వరసగా పెట్టి, మూడో నంబర్ డబ్బా గోడకు, పదో నంబర్ తలుపుకు అని రాసిచ్చినట్టు. కొత్త విండోస్‌లో వేరే ప్రోగ్రాములు మధ్యలో వచ్చి ఆ డబ్బాల వరస మార్చేస్తయి. ఆటకు ఆ సంగతి తెలియదు, అదే నంబర్ చూసి పూసుకుంటూ పోతది. అప్పట్లో జనం చేసిన ఉపాయం ఏందంటే, టాస్క్ మేనేజర్‌లోకి పోయి ఎక్స్‌ప్లోరర్‌ను బంద్ చేసి ఆడటం. కింద బార్, డెస్క్‌టాప్ అన్నీ మాయం అయితయి, ఆట రంగులు మాత్రం మంచిగ వస్తయి. మేం కూడా రెండేళ్లు గట్లనే ఆడినం.

తర్వాత మంచి ఉపాయాలు వచ్చినయి. సైట్‌లో 110 వోల్టుల టూల్‌ను నేరుగా మెయిన్ లైన్‌కు పెడితే కాలిపోతది కదా, మధ్యలో పసుపు ట్రాన్స్‌ఫార్మర్ పెడతం. అట్లనే పాత ఆటకు, కొత్త విండోస్‌కు మధ్యలో కూర్చునే చిన్న ప్రోగ్రామును రాపర్ అంటరు. ఆట పాత భాషలో అడిగింది ఇది కొత్త భాషలో విండోస్‌కు చెప్తది. 2019 మార్చిలో పోలండ్‌కు చెందిన గాగ్ అనే ఆన్‌లైన్ షాపులో డయాబ్లోను చట్టప్రకారం అమ్మడం మొదలైంది. విండోస్ 10లో నడిచేటట్టు సరిచేసి ఇచ్చారు. ధర పది డాలర్లు, అంటే మన 37 దిర్హాములు.

కానీ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినంత మాత్రాన టూల్ కొత్తది కాదు. ఫోన్‌లో నడవాలంటే ఆటను మొదటి నుంచి మళ్లీ కట్టాలి. దానికి సోర్స్ కోడ్, అంటే అసలు డ్రాయింగ్ కావాలి. బ్లిజార్డ్ ఆ డ్రాయింగ్ ఎప్పుడూ బయట పెట్టలేదు. ఇక్కడ జరిగింది వింటే మీకు సంతోషమైతది.

1998లో ఇదే ఆటను ప్లేస్టేషన్ కోసం వేరే కంపెనీ తయారు చేసింది. జపాన్‌లో అమ్మిన డిస్క్‌లో పొరపాటున ఒక ఫైలు ఉండిపోయింది. ఆట లోపల ఏ భాగం పేరు ఏంది, ఏది ఎక్కడ ఉన్నది అనే వివరం అంతా అందులో ఉన్నది. పీసీ ఆటలో కూడా పరీక్షల కోసం చేసిన ఒక కాపీ దాగి ఉన్నది. బిల్డింగ్ కట్టినోళ్లు పోయి ఇరవై ఏళ్లయినంక, ఏదో స్టోర్ రూంలో యాజ్ బిల్ట్ డ్రాయింగ్ దొరికితే ఎట్ల ఉంటది? పైపు ఎక్కడ పోయింది, కేబుల్ ఎక్కడ తిరిగింది, అన్నీ తెలుస్తయి. రినోవేషన్ పని చేసినోళ్లకే దాని విలువ తెలుసు. ఆ గుర్తులు పట్టుకుని గెలాక్సీహ్యాక్స్ అనే మారుపేరుతో ఒకాయన వందల గంటలు కూర్చుని, నడుస్తున్న ఆటను విప్పి, కోడ్ మొత్తం తిరిగి రాసిండు. 2018 జూన్‌లో డెవిల్యూషన్ అనే పేరుతో అందరికీ ఉచితంగా పెట్టిండు. దాని మీద ఇంకొందరు డెవిల్యూషన్ ఎక్స్ కట్టారు. లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్, అన్నింటిలో నడుస్తది. జీతం ఇచ్చేటోడు లేడు, ఓవర్‌టైమ్ లేదు. అయినా ఫినిషింగ్ చూస్తే కన్సల్టెంట్ కూడా పేరు పెట్టలేడు.

పాతదాన్ని కొత్తగా చేసే దారి ఇంకొకటి ఉన్నది. 'మాయాబజార్'కు 2010లో రంగులు వేసినట్టు, 2021లో డయాబ్లో రెండో భాగానికి కంపెనీయే కొత్త బొమ్మలు తొడిగి అమ్మింది. ఒక బటన్ నొక్కితే పాత బొమ్మ, మళ్లీ నొక్కితే కొత్త బొమ్మ. చూడడానికి మస్తు ఉంటది. కానీ దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. మన క్యాంపు ల్యాప్‌టాపులు దాన్ని ఎత్తలేవు.

ఫోన్‌లో పెట్టుకునేది ఎట్లనంటే: డెవిల్యూషన్ ఎక్స్ యాప్ వాళ్ల గిట్‌హబ్ పేజీలో ఉచితం. ఆటలోని బొమ్మలు, శబ్దాలు మాత్రం బ్లిజార్డ్ సొత్తు. అవి డయాబ్‌డాట్ అనే ఒక్క ఫైలులో ఉంటయి, 500 ఎంబీ పైన. గాగ్‌లో కొన్న ఆట నుంచి గాని, మీ పాత సీడీ నుంచి గాని దాన్ని తీసి యాప్ ఫోల్డర్‌లో వేయాలి. ఎవడో పంపిన లింకు నుంచి దించుకోవద్దు, ఈ దేశంలో పైరసీ నేరం. పైసలు పెట్టే ముందు చూద్దాం అనుకుంటే, కంపెనీ అప్పట్లో ఉచితంగా ఇచ్చిన డెమో ఫైలుతో కూడా నడుస్తది. అందులో యోధుడు ఒక్కడే, పై రెండు అంతస్తులే. ఒకసారి పెట్టినంక నెట్ అక్కర్లేదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండ విరామం ఉంటది కదా, ఆ టైంలో షెడ్డులో సిగ్నల్ లేకపోయినా ఆడుకోవచ్చు. ఒకే వైఫైలో ఉంటే నలుగురు కలిసి కూడా దిగొచ్చు.

మాతో తొమ్మిదేళ్లు ఒకే రూంలో ఉన్న ఒక అన్న పోయిన ఏడు వీసా క్యాన్సిల్ చేసుకుని జగిత్యాల పోయిండు. ముప్పై కిలోల లగేజీలో ల్యాప్‌టాప్ పట్టలేదు. బాదం, టైగర్ బామ్, బిడ్డకు కుట్టు మిషనే బరువు అయినయి. ల్యాప్‌టాప్ రూంకే వదిలేసిండు. ఆయన ఆడిన ఆట సేవ్ ఫైలు మాత్రం ఫోన్‌లో వేసుకున్నడు. చిన్న ఫైలు, ఒక ఫోటో అంత కూడా ఉండదు. ఇంటికి పోయిన వారానికి వాట్సాప్‌లో స్క్రీన్ షాట్ పంపిండు. క్యాంపులో ఎక్కడ ఆపిండో అక్కడి నుంచే నడుస్తున్నది. అదే యోధుడు, అదే కత్తి. కొడుకు పక్కన కూర్చుని ఇది తాగు, అటు పో అని చెప్తున్నడట.

ఇక్కడ మా రూంలో ఇప్పుడు పదమూడో అంతస్తు నడుస్తున్నది. విర్ట్‌కు యాభై ఇచ్చుడు బంద్ చేద్దామా వద్దా అని రాత్రి పెద్ద లొల్లి అయింది. ఫోన్‌లో పెట్టుకోవడంలో డౌట్లు ఉంటే కామెంట్‌లో రాయండి, ఈ వారం అంతా మాది నైట్ షిఫ్ట్, పొద్దున చూసి చెప్తం.