రిలేషనల్ డేటాబేస్ విద్య: తిరుపతి, చిత్తూరు ప్రాంతం

రిలేషనల్ డేటాబేస్ అంటే సమాచారాన్ని ఒకదానితో ఒకటి ముడిపడిన టేబుళ్లుగా భద్రపరిచే పద్ధతి. అందులోంచి కావలసినది అడిగి తీసుకునే భాష ఎస్‌క్యూఎల్. తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి ఈ విద్య రెండు దారుల్లో వచ్చింది. ఒకటి ఇంజినీరింగ్, ఎంసీఏ చదువు. రెండోది భూమి, రిజిస్ట్రేషన్ రికార్డుల కంప్యూటరీకరణ.

పుట్టుక

ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. అప్పటిదాకా సమాచారం డిస్కులో ఎక్కడ, ఎలా అమరి ఉందో తెలిస్తేనే ప్రోగ్రామర్ దాన్ని బయటికి తీయగలిగేవాడు. కాడ్ నమూనాలో ఏం కావాలో చెబితే చాలు, ఎలా వెతకాలో యంత్రమే చూసుకుంటుంది. ఈ ఆలోచనకు తగిన భాషను డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో సీక్వెల్ పేరుతో రూపొందించారు. ట్రేడ్‌మార్క్ చిక్కు వల్ల ఆ పేరు తర్వాత ఎస్‌క్యూఎల్‌గా మారింది. 1979లో ఈ భాషతో పనిచేసే ఒరాకిల్ డేటాబేస్ మార్కెట్లోకి వచ్చింది. 1986లో ఈ భాషకు అమెరికా జాతీయ ప్రమాణం ఏర్పడింది.

రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మీసేవకు

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులు పేర్ల వారీగా ఒకటి, ఆస్తుల వారీగా ఒకటి సూచిక పుస్తకాలు నిర్వహించేవి. ఈసీ, అంటే ఆస్తిపై లావాదేవీల ధ్రువపత్రం, కావాలంటే గుమాస్తా ఏళ్లకేళ్ల పుస్తకాలు తిరగేసి, ఆ ఆస్తిపై జరిగిన లావాదేవీలను ఏరి రాయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో కార్డ్ పథకం కింద 214 రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ఈ పనిని కంప్యూటర్‌కు అప్పగించింది. 2011 నవంబరు 4న మీసేవ మొదలైంది చిత్తూరు జిల్లాలోనే. రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖలకు చెందిన పది సేవలతో ఆరంభమైన ఆ పథకంలో డిజిటల్ సంతకం ఉన్న పత్రాలు కౌంటర్ దగ్గరే చేతికొచ్చాయి. 2015లో వచ్చిన మీభూమి పోర్టల్‌తో అడంగల్, 1బీ భూమి రికార్డులు రైతు ఫోన్‌లోకి చేరాయి.

టేబుల్, కీ, జాయిన్

ఈసీ కోరడమంటే డేటాబేస్‌ను ఒక ప్రశ్న అడగడమే. సెలెక్ట్ ఏ వివరాలు కావాలో, ఫ్రమ్ ఏ టేబుల్ నుంచో, వేర్ ఏ గ్రామం, ఏ సర్వే నంబరో, ఆర్డర్ బై ఏ వరుసలో చూపాలో చెబుతాయి. మండలాల వారీగా లెక్క కావాలంటే గ్రూప్ బై, కౌంట్ వాడతారు.

టేబుల్ రూపకల్పనకు భూమి రికార్డు మంచి పరీక్ష. ఒకే సర్వే నంబరు ఎన్నో గ్రామాల్లో ఉంటుంది కాబట్టి అదొక్కటే ప్రైమరీ కీ, అంటే ప్రతి వరుసనూ విడిగా గుర్తించే కాలమ్, కాలేదు, గ్రామం కోడ్ కూడా కలవాలి. 45/2ఎ వంటి సబ్‌డివిజన్లు ఉన్నందున ఆ కాలమ్‌ను అంకెగా కాక అక్షరాలుగా ఉంచాలి. ఒకే ఊళ్లో ఒకే పేరున్న పట్టాదారులు ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు కనుక పేరు పట్టుకుని రెండు టేబుళ్లను జాయిన్ చేస్తే, అంటే కలిపితే, ఒకరి భూమి మరొకరి లెక్కలో పడుతుంది. అందుకే ఖాతా నంబరు అవసరం. నమోదు కాని గడిని నల్ అంటారు. అది సున్నా కాదు, ఖాళీ అక్షరమూ కాదు. దాన్ని సమానం గుర్తుతో వెతికితే ఒక్క వరుసా రాదు, ఈజ్ నల్ అని అడగాలి.

కాలేజీల్లో

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో ఏర్పడ్డాయి. ఎ.రంగంపేటలో శ్రీ విద్యానికేతన్ 1996లో, మదనపల్లెలో మిట్స్ 1998లో మొదలై ఇంజినీరింగ్ సీట్లను పెంచాయి. 2008లో అనంతపురం జేఎన్‌టీయూ విడిగా విశ్వవిద్యాలయం కావడంతో ఈ ప్రాంతపు అనుబంధ కాలేజీల సిలబస్ అక్కడి నుంచి వచ్చింది. కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) విద్యార్థికి డేటాబేస్ నిర్వహణ వ్యవస్థలు (డీబీఎంఎస్) తప్పనిసరి సబ్జెక్టు. రామకృష్ణన్–గెర్కే, కోర్త్–సుదర్శన్ పుస్తకాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వంటివి ఉచితం కావడంతో ల్యాబ్ అభ్యాసం ఇంటి కంప్యూటర్‌పైనా సాధ్యమైంది.

జిల్లాల విభజన

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. చిత్తూరు, నెల్లూరు జిల్లాల భాగాలతో తిరుపతి జిల్లా ఏర్పడింది. మదనపల్లె, పీలేరు ప్రాంతాలు అన్నమయ్య జిల్లాకు వెళ్లాయి. ఇలాంటప్పుడు నార్మలైజేషన్, అంటే ఒకే సమాచారాన్ని పదేపదే రాయకుండా ఒక్కచోటే ఉంచడం, విలువ తెలుస్తుంది. ప్రతి పౌరుడి వరుసలోనూ జిల్లా పేరు రాసి ఉంటే లక్షల వరుసలు దిద్దాలి. మండలాల టేబుల్‌లో జిల్లా కోడ్ ఒక్కచోటే ఉంటే మండలానికొక మార్పు చాలు. అయితే పాత కోడ్‌ను చెరిపేస్తే 2021 నాటి చిత్తూరు జిల్లా లెక్క అడిగినప్పుడు తప్పు జవాబు వస్తుంది. ఏ మండలం ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందో కూడా దాచాలి.

ఉద్యోగావసరం

ఇక్కడ చదివినవారిలో చాలామంది చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ సంస్థలకు వెళతారు. ఇంటర్వ్యూల్లో తరచూ వినిపించే ప్రశ్న: రెండో అత్యధిక జీతం ఎంత? జీతాలను పెద్ద నుంచి చిన్నకు పేర్చి రెండో వరుస తీస్తే సరిపోదు. అత్యధిక జీతం ఇద్దరికి ఉంటే ఆ వరుసలోనూ అదే అంకె వస్తుంది, డిస్టింక్ట్ వాడి ఒకేలా ఉన్నవాటిని ముందుగా తీసేయాలి. ఎస్‌క్యూఎల్ వ్యాకరణం కొద్ది వారాల్లో పట్టుబడుతుంది. ఉద్యోగంలో అంతకన్నా ఎక్కువ కాలం పట్టేది టేబుల్‌లో ఒక్కో వరుస దేనికి గుర్తో, ఏ కాలమ్ ఎందుకు ఖాళీగా ఉందో తెలుసుకోవడానికి.