ద్యూతవ్యసనము: చట్టము విచారించిన ఆట, వైద్యము విచారించిన ఆటగాడు

1967 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానము సికింద్రాబాదు క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, రమ్మీ కేవలము అదృష్టముపై నడచు ఆట కాదనియు, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొని దేనిని పట్టవలెనో దేనిని విడువవలెనో నిర్ణయించుటలో నేర్పు ప్రధానమనియు, మూడుముక్కలాటతో దానిని జతపరుపరాదనియు నిర్ణయించినది. పందెముల వలన క్లబ్బువారు లాభము గడించినచో నేరము కావచ్చునని ఆ తీర్పులోనే కలదు. లోకమునకు జ్ఞాపకమున్నది మాత్రము మొదటి భాగమే.

1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము నేర్పుగల ఆటలను మినహాయించినది. 2017లో తెలంగాణమును, 2020లో ఆంధ్రప్రదేశమును ఆన్‌లైన్ పందెములను నిషేధించినవి. 2025లో పార్లమెంటు నేర్పు, అదృష్టము అను భేదమునే త్రోసివైచి, ధనము పణముగ ఆడు ఆన్‌లైన్ ఆటల నన్నింటిని నిషేధించినది. ఈ సుదీర్ఘ వివాదమున విచారణకు వచ్చినది ఆటయే గాని ఆడువాని మనఃస్థితి కాదు.

నేర్పుగల ఆట తక్కువ హాని చేయునను నమ్మిక నా దృష్టిలో నిరాధారము. పాచికలలో ఓడినవాడు దైవమును నిందించి లేచిపోవచ్చును. రమ్మీలో ఓడినవాడు ఈమారు తప్పాడితిని, మరియొకమారు సరిగా ఆడెదనని కూర్చుండును. పదుమూడు ముక్కల రమ్మీలో ఆరంభముననే డ్రాపు చేసినచో 20 పాయింట్లు, నడుమ చేసినచో 40, ఫుల్‌కౌంటు పడినచో 80 పోవును. జోకరు లేక, సీక్వెన్సు కుదురక యున్నప్పుడు స్థిమితముగల ఆటగాడు 20తో ముక్కలు దించును. పోయిన సొమ్మును ఆ రాత్రియే రాబట్టదలచినవాడు ఒక్క ముక్క కొరకు కాచుకొని యుండి ఫుల్‌కౌంటు తినును. అతనికి నేర్పు లేకపోలేదు; దానిని వినియోగించు స్వాధీనము తప్పినది.

ఋగ్వేద దశమ మండలములోని అక్షసూక్తమున జూదరి యిట్టివాడే. అత్తగారు ద్వేషించినను, భార్య దూరమైనను, ఇక పోనని నిశ్చయించుకొనినను, పాచికల చప్పుడు వినబడగానే సభకు పోవును. 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఐసీడీ-11 వ్యాధిపట్టిక ఈ వ్యసనమునకు చెప్పిన లక్షణములు, అనగా ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులకంటె అదియే ముఖ్యమగుట, నష్టము కనబడుచున్నను మానలేకపోవుట, మూడును ఆ సూక్తమున కలవు.

ఇంత సొమ్మని ముందే యేర్పరచుకొని, అప్పు చేయక, అది కాగానే లేచుట యను నియమము పండుగనాడు ఇంట సరదాకు ఆడువానికి చెల్లును. అదుపు తప్పినవాడు పూర్తిగ మానవలెను. ఇంకొక్క ఆటలో వచ్చునను తలంపు పుట్టు వేళను తానే గుర్తించి దానిని దాటునట్లు నేర్పు మానసిక చికిత్స అతనికి కావలెను. మన కుటుంబములలో తఱచుగ జరుగునది వేఱు. తండ్రి పొలము తాకట్టు పెట్టి అప్పు తీర్చి, ఒట్టు వేయించుకొని విడుచును. ప్రేమతో చేసినను ఇది అపకారమే. తీరిన అప్పు క్రొత్త అప్పునకు చోటిచ్చును. అప్పు తీర్చుటకు ముందే బ్యాంకు ఖాతాయు, ఫోనులోని చెల్లింపుల యాపులును అతని అంగీకారముతో ఇంటివారి చేతికి రావలెను, బాకీల పూర్తి చిట్టా వైద్యుని యెదుట పెట్టవలెను.

కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలీమానస్ సేవకు 14416 సంఖ్యపై అతడు గాని ఇంటివారు గాని ఉచితముగ ఫోను చేసి తెలుగుననే మాటాడవచ్చును. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోను, విశాఖపట్టణమునను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. అప్పుల వెనుక ఆత్మహత్యాచింత పొంచియుండును గావున, నేను లేకున్న మీకు పీడ విరగడయగునను మాట అతని నోట వినబడిననాడు, ఒంటరిగ విడువక ఆనాడే వైద్యుని కడకు తీసికొనిపోవలెను.