శాసనసభ్యుని అశక్తత - స్థానం ఖాళీ అయ్యే సందర్భాలు

రాష్ట్ర శాసనసభ లేదా శాసనమండలి సభ్యుడు అనారోగ్యం వల్ల గానీ, ప్రమాదం వల్ల గానీ విధులు నిర్వర్తించలేని స్థితికి లోనైనంత మాత్రాన ఆయన స్థానం ఖాళీ కాదు. శారీరక అశక్తతను రాజ్యాంగం అనర్హతగా పేర్కొనలేదు. అయితే ఆయన తరఫున సభలో మరొకరు ఓటు వేసే వీలు లేదు.

190(4) అధికరణం ప్రకారం సభ అనుమతి లేకుండా 60 రోజులపాటు సమావేశాలన్నింటికీ గైర్హాజరైన సభ్యుని స్థానం ఖాళీ అయినట్లు సభ ప్రకటించవచ్చు. సభ ప్రొరోగ్ అయిన కాలం, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలం ఈ లెక్కలోకి రావు. కనుక చికిత్స పొందుతున్న సభ్యుడు గైర్హాజరుకు సభ అనుమతి పొందడం ముఖ్యం.

మతిస్థిమితం లేదని అధికారం గల న్యాయస్థానం ప్రకటించిన పక్షంలో 191వ అధికరణం కింద అనర్హత వర్తిస్తుంది. దీనిపై వివాదం తలెత్తితే ఎన్నికల సంఘం అభిప్రాయం మేరకు గవర్నరు ఇచ్చే నిర్ణయమే అంతిమం.

అశక్తుడైన సభ్యుని పేరిట అందిన రాజీనామా స్వచ్ఛందం కాదని విచారణలో తేలితే సభాపతి దానిని ఆమోదించరాదు. 1974లో 33వ రాజ్యాంగ సవరణ ఈ రక్షణ కల్పించింది.

స్థానం ఖాళీ అయితే, మిగిలిన పదవీకాలం ఏడాదికి తక్కువైనప్పుడు మినహా, సాధారణంగా ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక జరపాలి.