దొర చిట్టా

ఒకే వస్తువుకి మనిషినిబట్టి ధర, ఒకే పనికి మనిషినిబట్టి కూలి. మన ఫీల్డులో దీన్ని పర్సనలైజేషన్ అంటాం. ఇదేదో మనం కనిపెట్టామనుకుంటాం గానీ, నిజాం రాజ్యంలో భగేలా అని ఒకటుండేది. దొర దగ్గర అప్పు తీసుకున్నవాడు అది తీరేదాకా జీతం ఉండాలి. తీరకపోతే కొడుకూ ఉండాలి. ఎవరికెంత బాకీ, ఎవరింట్లో పెళ్ళి, అన్నీ దొరకి తెలుసు. కూలి తేలేది పనినిబట్టి కాదు, మనిషి ఎంత ఇరుక్కున్నాడన్న దాన్నిబట్టి.

1936లో భగేలా ఒప్పందాల మీద నిజాం ప్రభుత్వం చట్టం తెచ్చింది. తెస్తే ఏం? బాకీ చిట్టా దొర ఇంట్లో, ఊరి లెక్కలు పటేల్ పట్వారీల చేతిలో. చదువు రాని జీతగాడు ఆ లెక్క తప్పని ఎలా రుజువు చేస్తాడు చెప్పండి?

చట్టం వచ్చిన పదేళ్ళకి కూడా వెట్టి పోలేదు. ఇప్పటి దేవరుప్పుల మండలంలోని కడవెండి అప్పట్లో విసునూరు దేశ్‌ముఖ్ ఏలుబడిలో ఉండేది. దొర మీద సంఘం కట్టిన ఆ ఊళ్ళో 1946 జులై 4న దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు.

ఇక మన కాలానికొస్తే, 2025లో న్యూయార్క్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. మీ డేటా వాడి అల్గారిథం ధర పెడితే, ఆ మాట కొనేవాడికి చెప్పాలి. లెక్క మాత్రం చూపించక్కర్లేదు. పైగా అది ధరలకే, కూలికి కాదు. అదే ఏడాది జనవరిలో, ఫోన్‌నిబట్టి ఛార్జీ మారుతోందన్న ఫిర్యాదుల మీద మన కేంద్రం ఓలా, ఊబర్‌లకి నోటీసులిచ్చింది. అదేం లేదని రెండూ అన్నాయి. నిజం తేలాలంటే లాగ్‌లు చూడాలి. అవేమో వాళ్ళ సర్వర్లలోనే ఉంటాయి.