జ్వాలాపురం బూడిద ఇచ్చే సాక్ష్యం

హైదరాబాద్ కిషన్‌బాగ్ పక్కనుంచి పారే మూసీకి రానున్న దశాబ్దాల్లో ఎలాంటి వానలు ఎదురవుతాయో క్లైమేట్ మోడళ్లు లెక్కగడుతున్నాయి. వాటిని ఎంతవరకు నమ్మాలి? 1908 వరద ఎంత ఘోరమైనదైనా, అది కూడా కొలతలు మొదలయ్యాక వచ్చినదే. మోడళ్లను సరిచూసుకున్నదీ ఆ కొలతలతోనే. ముందే చూసిన ప్రశ్నపత్రానికి జవాబులు బాగా రాస్తే చదువు వచ్చినట్టు కాదు కదా. అందుకే శాస్త్రవేత్తలు మంచుయుగం దాకా వెళ్తారు. అప్పట్లో ఉష్ణమండల సముద్రాలు పెద్దగా చల్లబడలేదన్న అంచనాలను డేవిడ్ రిండ్, డొరొతీ పెటీట్ 1985లో మోడల్‌కు ఇచ్చి చూశారు. కొండల మీద మంచు దాదాపు కిలోమీటరు కిందికి దిగిందని హిమానీనదాల ఆనవాళ్లు చెబుతుంటే, మోడల్ లెక్క వాటితో పొసగలేదు. దక్కన్‌లో హిమానీనదాలు లేవు. అయినా మంచుయుగపు సాక్షి మనకూ ఒకటుంది.

సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలింది. ఆ గొయ్యిలో ఇప్పుడు వంద కిలోమీటర్ల పొడవున సరస్సు ఉంది. గాలిలో కొట్టుకొచ్చిన బూడిద నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గరి జుర్రేరు లోయలోనూ పడింది. అక్కడి జ్వాలాపురంలో జనం బూడిద తవ్వి అమ్ముకున్న గోతుల గోడల్లో అది తెల్లటి పట్టీలా, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందాన కనిపిస్తుంది. పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ పెట్రాగ్లియా, అప్పట్లో ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయ ఆచార్యుడైన రవి కొరిసెట్టర్ బృందం అక్కడ తవ్వి, 2007లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. బూడిద కింద దొరికిన రాతి పనిముట్లూ, పైన దొరికినవీ ఇంచుమించు ఒకే తీరువి. టోబా పేలుడు తెచ్చిన చలికి మానవజాతి తుడిచిపెట్టుకుపోయే దాకా వచ్చిందన్న వాదన బలంగా ఉన్న రోజులవి. ఆ వాదనకు అన్నిటికంటే గట్టిగా ఎదురు నిలిచింది ఈ జ్వాలాపురం మట్టేనని నా అభిప్రాయం.

దీనికి అభ్యంతరాలున్నాయి, అవి తేలికైనవి కావు. అంత మందాన బూడిద ఆకాశం నుంచి పడలేదు. పడినది కొన్ని సెంటీమీటర్లే, మిగతాది వాననీటికి వాలు నుంచి కొట్టుకొచ్చి పేరుకుంది. మందాన్ని బట్టి విపత్తు తీవ్రతను కొలవకూడదన్నది నిజమే, కానీ పైనా కిందా దొరికిన పనిముట్ల పోలిక దానితో చెరిగిపోదు. బంగాళాఖాతపు అడుగుమట్టిలోని పుప్పొడిని, మధ్యభారతపు నేలలను పరీక్షించిన మార్టిన్ విలియమ్స్ బృందం పేలుడు తర్వాత అడవి తగ్గి గడ్డి పెరిగిందని 2009లో తేల్చింది. కాబట్టి దెబ్బ తగల్లేదని నేననను. తగిలినా బతుకు తెగిపోయిన గుర్తు జ్వాలాపురంలో లేదంటాను. అసలైన అభ్యంతరం మరొకటి. ఆ మట్టిపొరల వయసు చెప్పడంలో వేల ఏళ్ల తేడా ఉండొచ్చు. పదేళ్ల చలికి ఉన్నవాళ్లంతా పోయి, తర్వాత అదే పనితనం తెలిసినవాళ్లు వచ్చి స్థిరపడినా ఆ పొరలు పట్టివ్వలేవు. ఇది ఒప్పుకోవలసిందే. పనిముట్లు ఉష్ణోగ్రత చెప్పవు. మోడల్ చూపిన చలికి జనం ఏమయ్యారన్న ఊహనే పరీక్షిస్తాయి.

ఆ చలి ఎంతన్న చోట మోడళ్లే ఒకదానితో ఒకటి ఏకీభవించలేదు. 2009లో ఆలన్ రోబాక్ బృందం లెక్కల్లో భూమి పది డిగ్రీలకు అటూఇటూగా చల్లబడింది. 2010లో క్లాడియా టిమ్రెక్ బృందానికి గరిష్ఠంగా మూడున్నర డిగ్రీలే వచ్చింది. పైకి లేచిన గంధకం మరీ ఎక్కువైతే, దాని నుంచి ఏర్పడే కణాలు ఒకదానికొకటి అంటుకుని పెద్దవవుతాయి. పెద్ద కణాలు ఎండను అంతగా వెనక్కి పంపవు, త్వరగా రాలిపోతాయి. ఆ సంగతిని లెక్కలోకి తీసుకోవడమే తేడా తెచ్చింది. ఈ రెండింటిలో జ్వాలాపురం సాక్ష్యంతో తేలిగ్గా పొసిగేది రెండోదే, తీర్పు చెప్పడానికి మాత్రం అది చాలదు. ఏడాదికేడాది లెక్క దాచుకునే సాక్షి కావాలి. నంద్యాల జిల్లా సున్నపురాతి గుహల్లో చుక్క చుక్కగా పెరిగిన స్తంభాల్లో ఆ కాలపు పొర దొరుకుతుందేమో వెతకాలి. బూడిద గోతులను తవ్వి తరలించెయ్యకుండా మిగిలిన పొరలను కాపాడడం అంతకంటే ముందు పని.