గుండె గీసిన గీత

1980ల మధ్యకాలం. శాన్ డియాగోలో ఉంటున్న మార్క్ అలెన్ అనే యువ ట్రయాథ్లెట్ ట్రాక్ మీదికి వచ్చాడు. ఛాతీకి పట్టీ, చేతికి గడియారం. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఆ గడియారం చూపిస్తుంది. ఫిన్లాండ్ ఇంజినీరు సెప్పో సయ్‌నయకంగస్ స్థాపించిన పోలార్ సంస్థ ఇలాంటి వైర్‌లెస్ పరికరాన్ని 1982లో మార్కెట్లోకి తెచ్చింది. అప్పటికది ఇంకా కొత్త వింతే.

శిక్షకుడు ఫిల్ మాఫెటోన్ షరతు ఒక్కటే. అంకె 155 దాటకూడదు. అదే గీత.

అలెన్ అలవాటు చొప్పున మైలుకు ఐదున్నర నిమిషాల వేగం అందుకున్నాడు. కాసేపటికే అంకె 190కి ఎగబాకింది. వేగం తగ్గించాడు. చాల్లేదు. ఇంకా తగ్గించాడు. అంకె 155కి దిగొచ్చేసరికి మైలుకు 8 నిమిషాల 15 సెకన్లు పడుతోంది. ఛాంపియన్ కావాలని కలలు కంటున్నవాడికి అది నడకతో సమానం.

రొప్పడమే సాధన అనుకుని...

అలెన్ ఈతగాడిగా ఎదిగినవాడు. ఒళ్లు హూనమైతేనే సాధన చేసినట్టని నమ్మేవాడు. రోజూ చేసే పరుగు కూడా అతనికి పందెమే. చిన్నచిన్న గాయాలు వెంటాడుతూనే ఉండేవి.

హవాయి దీవిలోని ఐరన్‌మ్యాన్ పోటీ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల మారథాన్. 1982లో సైకిల్ మొరాయించి అలెన్ మధ్యలోనే తప్పుకున్నాడు. 1984లో సైకిల్ మీద అందరికంటే ఎంతో ముందున్నా, పరుగులో కాళ్లు చచ్చుబడి ఐదో స్థానానికి జారిపోయాడు.

గీతకు అటూ ఇటూ

గుండె నెమ్మదిగా కొట్టుకుంటున్నంతసేపూ కండరాలు ప్రాణవాయువు సాయంతో ఎక్కువగా కొవ్వును కరిగించుకుంటాయి. బక్కపల్చని మనిషి ఒంట్లోనూ ఆ నిల్వ గంటల తరబడి సరిపోతుంది. గీత దాటితే కండరాల్లో, కాలేయంలో దాచుకున్న చక్కెర మీద భారం పడుతుంది. ఆ మూట చిన్నది. అది ఖాళీ అయిన చోటే కాళ్లు మొండికేస్తాయి.

గీతలోపల నెలల తరబడి పరుగెత్తితే కండరాల్లో సన్నని రక్తనాళాలు అల్లుకుంటాయి. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోడుతుంది. పంటలాగే దీనికీ తొందర పనికిరాదు.

అలెన్ ఓపిక పట్టాడు. సుమారు ఏడాది గడిచింది. అంకె అదే 155. మైలుకు మాత్రం 5 నిమిషాల 20 సెకన్లు! ఒకప్పుడు గుండెను 190కి తరిమిన వేగాన్ని ఇప్పుడు అదే గుండె నిబ్బరంగా మోస్తోంది.

పలాని ఎత్తు

అయినా హవాయి వెంటనే లొంగలేదు. 1987లోనూ ముందుండి ఓడిపోయాడు. ఆరు ప్రయత్నాలు, ఆరు భంగపాట్లు. అప్పటికే ఆరుసార్లు గెలిచిన డేవ్ స్కాట్ అక్కడ మకుటం లేని మహారాజు.

1989 అక్టోబర్ 14. నల్లటి లావా నేల, నెత్తిన మండే ఎండ. ఈతలో, సైకిల్ మీద అలెన్ స్కాట్‌ను నీడలా వెంటాడాడు. మారథాన్‌లో ఇద్దరూ భుజం భుజం కలిపి పరుగెత్తారు. ఎనిమిది గంటలు కావస్తున్నా ఎవరూ తగ్గలేదు. చివర్లో పలాని రోడ్డు ఎత్తు మొదలైంది. అలెన్ ఒక్కసారిగా వేగం పెంచాడు. ఈసారి కాళ్లు మాట విన్నాయి.

8 గంటల 9 నిమిషాల 15 సెకన్లు. స్కాట్ 58 సెకన్ల తర్వాత వచ్చాడు. అలెన్ మారథాన్ సమయం 2 గంటల 40 నిమిషాల 4 సెకన్లు. దాన్ని 2016 దాకా అక్కడ ఎవరూ దాటలేకపోయారు. 1995 నాటికి అలెన్ ఆరుసార్లు విజేత.

మీ గీత ఎక్కడ?

మాఫెటోన్ సూత్రం చిన్నది: 180 నుంచి మీ వయసు తీసేయండి. నలభై ఏళ్లవారికి 140. పెద్ద జబ్బు నుంచి కోలుకుంటున్నా, రోజూ మందులు వాడుతున్నా ఇంకో 10, గాయాలో తరచూ జలుబో వేధిస్తుంటే 5 తగ్గించాలి. ఇది అందరికీ అచ్చుగుద్దినట్టు సరిపోయే లెక్క కాదు. గుండె జబ్బున్నవారు ముందు వైద్యుణ్ని అడగాల్సిందే.

ఇవాళ నెక్లెస్ రోడ్డు మీదా, విశాఖ బీచ్ రోడ్డు మీదా పరుగెత్తే ఎందరి చేతుల్లోనో అలాంటి గడియారమే ఉంటోంది. పక్కవాడు దాటిపోతుంటే చూపు అటు మళ్లుతుంది. ఆ క్షణాన మణికట్టు వైపు చూడండి. తనను అందరూ దాటిపోగలిగే వేగంతో పరుగెత్తడానికి ఒప్పుకున్నవాడే పలాని ఎత్తు మీద ఒంటరిగా ముందుకెళ్లాడు.